మన బాబయ్య పండగ తప్పిన లెక్క

తమ్ముడు బుడాన్ సాబుకు రామాంజినప్ప రాసేది.

మతం గొడవల్లో మీరంతా హిందూపురం పారిపోయిన రోజు, ఇంటి తాళంచెవి నాకివ్వకుండా మీ వదిన అక్కమ్మకిచ్చావు. నేనేమన్నా పరాయివాణ్ణా? తొమ్మిదేండ్లయినా ఆ మంట ఆరలేదు.

మీ ఇళ్ళ మీదికొచ్చినవాళ్ళు మొన్న శాంతిసభలో తప్పు ఒప్పుకొని వేలిముద్రలు వేశారు. మీ ఇల్లు భద్రం. ఎవరూ దూరకుండా నా ఎద్దుల్ని అందులోనే కట్టాను. వాసనకు ఏమీ అనుకోవద్దు.

నువ్వు లేవని బాబయ్య పండగ ఆపలేదు. నువ్వు ఊరిడిచిన ఏడు పండగ వచ్చిన తేదీని గోడమీద రాసుకొని, ఏటా ఆ తేదీకే పీర్లెత్తాం. పోయినేడు చింతామణి మసీదు ముల్లాసాబును పండక్కి పిలిస్తే, "యాడ చూసి చేస్తాండారప్పా? నెలవంకను చూసి చేసే పండగ అది, అయిపోయి మూడు నెలలాయె!" అని పడిపడి నవ్వినాడు. ఊరంతటికీ తలవంపులు.

మరదలు ఖాజాబీ మోకాళ్ళ నొప్పి ఎట్లుందో అక్కమ్మ అడగమంది. పీర్లకు కట్టే జరీగుడ్డ చినిగింది, కొత్తది తీసుకురా. పిల్లలకు దీవెనలు.

ముల్లాసాబు లెక్కన ఈ ఏటి పండగకు ముందొచ్చే అమావాస్య వచ్చే ఆదివారమే. ఆ తర్వాత మిద్దెక్కి నెలవంక చూసేది నువ్వా, క్యాలెండరు పట్టుకొని మళ్ళీ నేనా? శనివారం లోపల జవాబు రావాలి.