చక్రాల మీట మీద చెయ్యి

గ్రెచెన్ అక్కకి,

కడుపుమంట ఒక్కటి తప్ప నేను క్షేమం. డాలస్‌లో పైలట్ ఉద్యోగానికి పరీక్ష నిన్న అయింది. వచ్చినవాళ్లలో సగం మంది మాజీ నేవీ వాళ్లే. అరచేతుల్నే విమానాలు చేసి తిప్పుకుంటూ ఒకటే కబుర్లు. పరీక్ష పెట్టే డెన్నిసన్ కూడా ఆ తానులో ముక్కే. నాకు జతగా ట్రెంట్ అనే నేవీ యుద్ధవిమానాల పైలట్‌ని వేశాడు.

విమానం నేల వదలగానే నడిపేవాళ్లు నోటితో చెప్పాలి, పక్కవాళ్లు చక్రాల్ని లోపలికి మడిచే మీట ఎత్తాలి. ట్రెంట్ నాతో మాటైనా అనకుండా తనే ఎత్తేశాడు. ఒంటరిగా ఎగిరిన అలవాటు! ఇతను తప్పినట్టే అనుకుని నా కడుపు చల్లబడింది. తర్వాత నా వంతు. ఇన్నేళ్లూ సరుకు విమానం నడిపింది నేనూ ఒక్కదాన్నే కదా, నోరు తెరిచేలోపే చెయ్యి దానంతటదే మీట ఎత్తేసింది.

“మీరూ మా బాపతేనన్నమాట!” అని ట్రెంట్ నవ్వాడు.

డెన్నిసన్ అతని భుజం తట్టి, “యుద్ధవిమానం చెయ్యి బాబూ, అంత తొందరగా మాట వినదులే” అన్నాడు. నాతో మాత్రం, “పక్కవాళ్లతో కలిసి పనిచెయ్యడం నేర్చుకుని, ఆర్నెల్లాగి రామ్మా” అన్నాడు.

ట్రెంట్ వచ్చే నెల చేరుతున్నాడు.

నా చలికోటు పంపు, ఈ శీతాకాలమూ నాకు సరుకు మోతే. అమ్మ మోకాలు ఎలా ఉంది? ట్రెంట్ సంగతి ఆమెకి చెప్పకు, “అతనికి పెళ్లయిందా?” అంటుంది. పిల్లలకు ముద్దులు. మన చేల మీదుగా నేవీ విమానాలు పోతే వాళ్లని చేతులు ఊపనివ్వకు.

నీ చెల్లెలు,
లోర్నా