సందెవేళ పోయే కరెంటు

మా ఊరు, తర్లుపాడు మండలం
8 ఫిబ్రవరి 2026, ఆదివారం ఉదయం

స్నేహితురాలు సుమకు రమణి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఇంట్లో అందరూ క్షేమమేనని తలుస్తున్నాను. తలచడమే తప్ప తెలుసుకునే దారి నువ్వు ఉంచలేదు. ఫోన్ చేస్తే ఎత్తవు. తర్లుపాడులో నేనున్న ఆటో కనబడితే వెనక వచ్చే బస్సు కోసం ఆగిపోతావు. క్లాసులో కిటికీ పక్క బెంచీకి మారిపోయావు. ఫోన్ అయితే సగంలో పెట్టేస్తావని ఈ కాగితం రాస్తున్నాను. కోపంతో చించేసినా, చించే ముందు ఒకసారి చదువుతావని నా నమ్మకం.

మా నల్లమేక రెండు పిల్లల్ని వేసింది. అమ్మ నిన్ను అడుగుతోంది. సుమ ఇంటికి రావడంలేదేందే, పోట్లాడుకున్నారా అంటుంది. పరీక్షలు దగ్గర పడ్డాయని చెప్పాను. అమ్మ నమ్మలేదు. ఈ మధ్య మా ఊళ్లో ఎవరూ ఎవరి మాటా నమ్మడం లేదు.

ఇక అసలు సంగతి. రేపు మా ఊరివాళ్లు మార్కాపురం కరెంటు ఆఫీసుకు వెళ్లి మీ నాన్న మీద అర్జీ ఇవ్వబోతున్నారు. లైన్‌మాన్ ఆనంద్ కావాలనే కరెంటు తీస్తున్నాడు, అతన్ని పనిలోంచి తీసేయండి అని. దాన్ని రాసే పని నాకు అప్పజెప్పారు. దుకాణం సుబ్బన్న అయితే, నీ మాటల్లో పదునుంది పాపా, ఉద్యోగం ఊడేటట్టు రాయి అన్నాడు. నా మాటల్లో పదునుందని ఒకరు అనడం ఇదే మొదలు. సంతోషపడ్డాను. వెంటనే నువ్వు గుర్తొచ్చి ఆ సంతోషం చేదెక్కింది. అందుకే రాసే ముందు నిన్ను అడుగుతున్నాను. మీ నాన్న రోజూ ఆ స్విచ్ ఎందుకు దించుతున్నాడు?

నీకు తెలుసు కదా, కార్తీకం నుంచి మా ఊళ్లో రోజూ సందెవేళ కరెంటు పోతోంది. వాన లేదు, గాలి లేదు. పొద్దు గూకుతుండగా పోతుంది, మేం అన్నాలకు కూర్చునే వేళకు వస్తుంది. పక్క ఊళ్లలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. నేను చదువుకునేది ఆ వేళే. నాయన మేకల్ని దొడ్డికి తోలేదీ ఆ చీకట్లోనే. అమ్మ ఫోన్ టార్చి పట్టుకుని మేకపిల్లల్ని చూసుకుంటుంది.

రెండు నెలలకు పైగా ఇలా గడిచాక, పోయిన నెలలో గ్రామ సచివాలయం దగ్గర సభ పెట్టారు. ఒక ఆఫీసరు వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. స్తంభాలు పాతవి, తీగలు పాతవి, అన్నీ మార్చాలంటే ఖర్చవుతుంది, ఆ ఖర్చులో కొంత వాడుకునేవాళ్లు మోస్తే, అంటే యూనిట్‌కు కొంచెం ఎక్కువ కడితే, అంతరాయం లేని కరెంటు వస్తుంది, మీరేమంటారు అన్నాడు. మనం కోత అంటాం, ఆయన అంతరాయం అన్నాడు. ఆ మాట నాకు నచ్చి చాలాసేపు నోట్లో పెట్టుకుని చప్పరించాను. తర్వాత అనుమానం వచ్చింది. అంత నున్నటి మాట ఊరికే వాడతారా?

ముందుగా లేచింది వెంకటసుబ్బులమ్మ అవ్వ. ఏం నాయనా, ఇన్నాళ్లూ కట్టింది దేనికి మరి, చీకటికా? చీకటి మాకు ఊరికే వచ్చేది గదా అంది. సభంతా నవ్వు. ఆఫీసరు కూడా నవ్వాడు. సుబ్బన్న నవ్వలేదు. ఫ్రిజ్‌లో ఐసుక్రీములు పాయసం అవుతున్నాయి సారూ, ముందు ఒక నెల పోకుండా ఇచ్చి చూపియ్యండి, ఆ పైన రేటు మాట్లాడదాం, సరుకు చూడకుండా దుడ్లు ఇచ్చేదాన్ని బేరం అనరు అన్నాడు. మా అమ్మ కొంగు సర్దుకుని, పాప చదువుకుంటాది, ఇంకొంచెం ఎక్కువైనా కడతాం, కట్టినాక గూడ పోతే ఎవురి గొంతు పట్టుకోవాల, ఆ పేరొకటి చెప్పిపో సారూ అంది. పేరు చెప్పకుండానే ఆఫీసరు పక్కకు తిరిగాడు. మా నాయనను అడిగితే, నాకేం తెలుసు, మీరెట్లంటే అట్ల అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. నాయన మేకలతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడు.

ఆ రోజే నా బుర్రలో ఒక వాక్యం పుట్టింది. ముందు చీకటి రుచి చూపించారు, తర్వాత వెలుగుకు ధర చెప్పారు. అది ఎంత బాగుందనిపించిందో! కాలేజీ వక్తృత్వ పోటీకి అదే విషయం, కోత లేని కరెంటుకు ఎక్కువ కట్టాలా వద్దా అన్నది, ఇచ్చేసరికి, ఆ వాక్యం నా కోసమే పుట్టిందనుకున్నాను.

పోటీ గురించి కూడా తేల్చుకుందాం. పాత తీగకు కొత్త తీగ కావాలంటే ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి కదే అని నువ్వు ఆటోలో నాతో వాదించేదానివి. బిల్లులో ఇప్పటికే అర్థంకాని పేర్లతో ఎన్ని వరుసలున్నాయో చూడు, అవన్నీ కడుతుంటే తీగ ఎందుకు మారలేదు అని నేను. అది మంచి వాదన. వేదిక మీద నేను నా వాక్యం చెప్పి, తీగల దగ్గర ఉండేవాళ్లే తీసేస్తున్నారు, తీయకుండా ఉండటానికి ధర అడుగుతున్నారు అన్నాను. హాలంతా చప్పట్లు. నీ వంతు వచ్చింది. మైకు ముందు నిలబడ్డావు. ఒక్క మాటైనా మాట్లాడకుండా దిగిపోయావు. నేను మీ నాన్న పేరు ఎత్తలేదు సుమా. ఎత్తని పేరు నీకెందుకు తగలాలి? తగిలిందంటే ఏదో ఉందనే కదా.

అప్పటిదాకా నాది ఉత్త అనుమానమే. మొన్న శుక్రవారం కళ్లారా చూశాను. ఊరి మొగదల స్విచ్ ఉన్న స్తంభం ఉంది కదా, దాని పక్కన మూతపడ్డ బడిపలకల షెడ్డు వెనక నిలబడ్డాను. పొద్దు వాలింది. మీ నాన్న బండి మీద వచ్చాడు. తాళం తీసి, ఇనప కడ్డీని కిందికి గుంజాడు. ఊరు మొత్తం ఆరిపోయింది. స్తంభం ఎక్కుతాడేమో, ఏదైనా బాగుచేస్తాడేమో అని చూశాను. సంచి కూడా విప్పలేదు. ఎవరికైనా ఫోన్ చేస్తాడనుకున్నాను. అదీ లేదు. బండి మీద కూర్చుని కొండ వైపే చూస్తూ ఉన్నాడు. ఎవరి సైగ కోసమో ఎదురుచూస్తున్నట్టు. బాగా చీకటి పడ్డాక కడ్డీ పైకి నెట్టి, తాళం వేసి వెళ్లిపోయాడు.

ఇంటికి వస్తూ సుబ్బన్నకు చెప్పాను. తెల్లారేసరికి ఊరంతా పాకింది. అర్జీ మాట అలా పుట్టింది. పైవాళ్లే చేయిస్తున్నారని కొందరు, పొదిలిలో మీ మేనమామకు ఇన్వర్టర్ల దుకాణం ఉంది, అందుకని కొందరు. నాకైతే సుబ్బన్న మీద కూడా అనుమానమే. ఈ మూడు నెలల్లో చార్జింగ్ లైట్లు అమ్మింది ఆయనే. ఎవర్ని చూసినా ఈ చీకటిలో ఎంతో కొంత వాటా ఉన్నట్టే కనిపిస్తోంది.

కానీ ఆనంద్ బాబాయిని అందులో పెట్టి చూడటం నాకు చేతకావడం లేదు. మీ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాను! వర్షంలో నన్ను బండి మీద ఊళ్లో దించింది ఆయనే. ఆయన జీతం మీదే నీ చదువు నడుస్తోందని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. కారణం ఉంటే ఒక్క మాట చెప్పు, అర్జీ ఆపడానికి నా చేతనైంది చేస్తాను. చెప్పకపోతే చూసింది చూసినట్టు రాస్తాను. రాసిన తర్వాత నన్ను తిట్టుకోకు.

నీ మీద కోపమూ, నువ్వు లేని వెలితీ రెండూ ఉన్న
రమణి

తా.క. సుమా, పైన రాసిందాన్ని కొట్టివేద్దామనుకున్నాను. నేనేం అనుకున్నానో నీకు తెలియాలని ఉంచేశాను.

సంతకం పెట్టాక ఉత్తరాన్ని అమ్మకు చదివి వినిపించాను. నా వాక్యాలు చెవికి ఎలా ఉంటాయో చూసుకుందామని. నాయన పక్కనే కూర్చుని సంగటి తింటున్నాడు. కడ్డీని గుంజాడు అన్నచోట ఆయన చెయ్యి ఆగింది. కొండ వైపు చూస్తూ ఉన్నాడు అన్నచోట చెయ్యి కడిగేసుకున్నాడు. ఆపు పాపా, ఆయన చూసింది కొండను గాదు, మమ్మల్ని అన్నాడు.

కార్తీకంలో వచ్చిన తుఫాను గాలికి వాగు పక్క డొంకదారిలో స్తంభం ఒరిగి తీగలు కిందికి జారాయట. మందలన్నీ ఇంటికొచ్చే దారి అదే. మేకలకు ఆకుమండలు కొట్టే పొడుగాటి గడ, కొడవలి కట్టింది, నాయన భుజానే ఉంటుంది. ఒక సందెవేళ దాని కొస తీగకు తగిలిందట. నాయన ఎగిరి బాటలో పడ్డాడట. వెదురు ఎండింది గాబట్టి బతికి మిగిలినా అన్నాడు. ఈ సంగతి అమ్మకు కూడా ఇప్పుడే తెలిసింది.

నాయన లేచి నేరుగా మీ నాన్న దగ్గరికే పోయాడట. తమ్ముడూ, ఆ స్తంభం సంగతి చూడు అని. మీ నాన్న పైకి రాశాడట, మళ్లీ రాశాడట, డబ్బు రాలేదన్నారట. పొద్దున వెలుతురుంటుంది, గడలు దించుకుని దాటతారు. సందెవేళ నెత్తిన మండమోపు, కళ్లకు చీకటి. అందుకని, అన్నా, అన్ని మందలూ దాటేవరకు నేనొచ్చి లైన్ ఆపుతా, మందలోళ్లకు తప్ప ఎవురికీ చెప్పొద్దు, పైవాళ్లను అడక్కుండా ఆపినానని తెలిస్తే నా ఉద్యోగం పోతాది అన్నాడట.

అమ్మ ముందు ఏడ్చింది. తర్వాత తిట్లు అందుకుంది. నీకంటే మేకలే నయం, దెబ్బ తగిలితే అరుస్తాయి గదా, ఆ పొద్దు సభలో నోరెందుకు రాలేదయ్యా నీకు అంది. నాయనేమో, మేకలోళ్ల కోసరం ఊరంతా చీకట్లో కూసోవాల్నా అంటారు, డొంకకు అడ్డంగా కంప కొడతారు, మంద ఏడ తిరగాల అన్నాడు. ఇంకా ఏదో దాస్తున్నాడనే నా అనుమానం. ఎంత దెబ్బ తగిలిందో చొక్కా విప్పి చూపించమంటే చూపించలేదు.

నేను ఊరుకోలేదు. ఒరిగిన స్తంభం లేపడం వాళ్ల పని కదా నాయనా, దానికి మనం ఎందుకు ఎక్కువ కట్టాలి అన్నాను. వాదన నువ్వు గెలువు పాపా, ఆ తీగ మటుకు ఎవురో ఒకరు పైకెత్తితే చాలు అన్నాడు. ఇప్పుడు నేను రెండు పక్కలా వాదించగలను. ఏ పక్క వాదించినా సాయంత్రం మందలు దాటాల్సింది ఆ తీగ కిందే.

నీకు ఇదంతా ముందే తెలుసా? తెలిసే ఆ రోజు మైకు ముందు నోరు మూసుకున్నావా? చెప్పకపోయినా పర్వాలేదు.

మీ నాన్న మీద అర్జీ నేను రాయను. స్తంభం మీద రాస్తాను. కానీ కారణం రాస్తే ఆయన లైన్ ఆపిన సంగతి పైవాళ్లకు తెలుస్తుంది. రాయకపోతే మా ఊరు ఆయన్ని వదలదు. ఏది రాయాలో ఆయనే చెప్పాలి. నాయన కూడా అదే అన్నాడు. ఆ తమ్ముణ్ని అడక్కుండా నోరు తెరవను, ఆయన సరేనన్నాక రేపు ఆఫీసులో అయినా, సుబ్బన్న దుకాణం ముందర అయినా మూయను అన్నాడు.

ఈ పూట మందను అమ్మ తోలుకుపోయింది. ఈ ఉత్తరం నీ చేతికిచ్చి వాకిట్లో నిలబడ్డ మనిషి మా నాయనే. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు గానీ, రమ్మనే మాట వినబడందే గడప తొక్కడు. నా మీద కోపం నా మీదే ఉండనీ. ఆయన్ని లోపలికి పిలువు.