పొగకు కార్డు లేదు

జూలై 7, సోమవారం

ఈ రోజు కాన్ఫరెన్స్ గదిలో పెళ్లిచూపులు. పనుల లెక్క చూసే మూడు సాఫ్ట్‌వేర్లు, ముస్తాబై ఒకదాని తర్వాత ఒకటి తెర మీద కూర్చున్నాయి. అమ్మడానికి వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు మేనమామల్లా పక్కన నిలబడి గుణగణాలు చెప్పారు. ఖాళీ అంతస్తు ఇస్తే గోడలు, సీలింగు, కరెంటు అన్నీ పెట్టి ఆఫీసు చేసి అప్పజెప్పడం మా కంపెనీ పని. ఇన్నాళ్లూ సైట్ల మీద నా అజమాయిషీలో ఆ పని నోటి మాట మీద, ఫోను మీద, గోడకు గీసిన పెన్సిలు గీత మీద నడిచింది. కొత్త ప్రాజెక్టు మేనేజరు హర్షకు అది నచ్చలేదు. కర్నూలు పిల్లాడు. తెలివైనవాడే — నా పేజీలో నేను ఒప్పుకుంటే ఎవడికి తెలుస్తుంది.

మూడోదాన్ని ఖాయం చేశాడు. ఎందుకయ్యా అంటే — "రంగులు బాగుండాయి సార్. పైవాళ్లకు చూపిస్తే టక్కున అర్థమైతాది."

చీర కొన్నట్టే కొన్నాడు.

జూలై 11, శుక్రవారం

ఫోనులో ప్రతి పనికీ ఒక కార్డట. చేయాల్సినవి ఎడమ పక్క, అయిపోయినవి కుడి పక్క. వేలితో జరపడమే. రెండు రోజుల్లో పట్టుకున్నాను. "భలే నేర్చుకున్నారే సార్ మీరు!" అని హర్ష చప్పట్లు — ఏనుగు సైకిలెక్కితే కొట్టే రకం చప్పట్లు.

నేను ఇంగ్లీషు నేర్చుకున్నదే స్విచ్ బోర్డుల అట్టపెట్టెల మీద చదివి. అందుకే నా ఇంగ్లీషులో ఇప్పటికీ హెచ్చరికలే ఎక్కువ. తాకరాదు, తిప్పరాదు, తడి చేత్తో ముట్టరాదు. ఒకసారి ఒక దొర బాగున్నారా అని అడిగితే... సరే, అది ఇంకో రోజు.

మా ఎలక్ట్రీషియన్ యాదగిరి మాత్రం ఫోను ముట్టలేదు. "నాకెందుకే లచ్చన్నా ఆ లొల్లి? పని చెప్పు, చేస్త. మళ్ల చేసిన అని ఫోన్ల నొక్కుడేంది?"

జూలై 25, శుక్రవారం

యాదగిరిని తీసేశారు.

జూలై 26, శనివారం

నిన్న చెయ్యి ఆడలేదు. ఈ రోజు రాస్తున్నా.

మీటింగులో తెర మీద అందరి పేర్లూ, ఒక్కొక్కరి ముందు ఒక ఆకుపచ్చ కడ్డీ. ఎన్ని కార్డులు కుడికి జరిపితే అంత పొడుగు. యాదగిరి పేరు ముందు తెల్లగా ఖాళీ. "ఈయన నెలంతా ఏం చేస్తాండాడు?" అని హర్ష. ఎవరికి ఏం చెడిపోయినా పిలిచేది వాణ్ణేనయ్యా అన్నాను. "కార్డు యాడుంది సార్?" లేదన్నాను. "కార్డు లేకుంటే ఆ పని జరగనట్టే. రూలు మీకూ ఒకటే, నాకూ ఒకటే."

యాదగిరి మహాత్ముడేం కాదు. మధ్యాహ్నం అట్టపెట్టెలు పరుచుకుని కునుకు తీస్తాడు, గుట్కా మానడు. కానీ యాభై దాటినవాణ్ణి ఈ ఐటీ కారిడార్‌లో ఎవరు పెట్టుకుంటారు, గేటు దగ్గర టోపీ పెట్టి నిలబెట్టడానికి తప్ప?

ఫోను చేస్తే నవ్వాడు. "ఇంట్ల కూసున్న. మా ఆమె ఖుషీగ ఉంది, నీళ్ల ట్యాంకర్ వస్తే పైపు పట్టేటోడు దొరికిండని."

ఆ నవ్వుకు హర్ష బదులు చెప్పాలి. చెప్పిస్తాను.

జూలై 28, సోమవారం

రాజీనామా విసిరితే? వాడికి పండగ. ఆ పండగ నేనెందుకు చేయాలి.

అంతకన్నా మంచి మార్గం ఉంది. వాడి మాట వింటాను. అక్షరం పొల్లుపోకుండా.

ఆగస్టు 4, సోమవారం

పెయింటర్లు పొద్దున్నుంచి తలుపు ముందు. తాళం చెవి నా జేబులో. హర్ష పరుగెత్తుకొచ్చాడు. తాళం ఇవ్వమని కార్డు లేదు బాబూ అన్నాను. "జోకులా సార్?" రూలు బాబూ. అక్కడే నిలబడి కార్డు తయారుచేశాడు, చెవులు ఎర్రగా. కుడికి జరిపి, తాళం తీసిచ్చాను.

భోజనం రుచిగా ఉంది.

ఆగస్టు 11, సోమవారం

పన్నెండో అంతస్తు తయారు. గురువారం గృహప్రవేశం, అంటే ఆఫీసు ప్రవేశం. ఆ అంతస్తు తీసుకున్న కంపెనీ యజమాని మాధవరావు గారు స్వయంగా వచ్చి చెప్పారు: "అమ్మ భీమవరం నుంచి వస్తోందండి. గణపతి హోమం చేసుకుని పాలు పొంగించుకుంటామండి."

హర్ష కార్డులు దిగాయి. పూలకు ఒకటి, కుర్చీలకు ఒకటి, ఫోటోలకు, టిఫిన్లకు, ఆఖరికి బూడిద గుమ్మడికాయకు కూడా ఒకటి.

పొగకు లేదు.

ఈ అద్దాల మేడల్లో హోమం అంటే, ముందుగా కింద కంట్రోల్ రూమ్‌కు చెప్పి ఆ అంతస్తులో పొగ పసిగట్టే యంత్రాలు ఆపించాలి. అయ్యేదాకా ఒక మనిషి అక్కడే కూర్చుని మళ్లీ వేయించాలి. ఎన్ని ఆఫీసులు తెరిచామో, ఒక్కసారీ ఎవరూ ఎక్కడా రాయలేదు. యాదగిరి పోయి చెప్పి కూర్చునేవాడు, ప్రసాదం తినొచ్చేవాడు. ఈ మేడల్లో హర్ష ఇంకా ఒక్క హోమమూ చూడలేదు.

ఒక్క ఫోను చేస్తే చాలు. చేయగలను.

ఆగస్టు 12, మంగళవారం

చేయను.

ఆగస్టు 13, బుధవారం

లిఫ్టులో హర్ష, ఫోను నా ముందు పెట్టి — "ఇంకేమన్నా మర్చిపోయినామా సార్? పెద్దోళ్లు మీరు, చెప్పండి."

అడిగాడు. అడిగాడని రాసుకోవాలి కాబట్టి రాస్తున్నా.

"నువ్వు రాసినవన్నీ ఉన్నాయి బాబూ" అన్నాను.

ఆగస్టు 14, గురువారం

నెయ్యి బాగా పోశారు పంతులు గారు. పొగ లేచింది, సీలింగు దాకా పోయింది, ఒక్క క్షణం ఏమీ లేదు — తర్వాత టవరంతా గంటలు. లిఫ్టులు ఆగిపోయాయి. మెడలో ఐడీ బిళ్లలు వేలాడేసుకుని అన్ని అంతస్తుల జనం మెట్ల మీద. పంతులు గారు కలశం చంకన పెట్టుకుని పరుగు. కింద పార్కింగులో మాధవరావు గారు, "ఏంటండీ ఇది హర్ష గారూ? మొదటి రోజే ఇదా అండి?" హర్ష ఫోను తీసి కార్డులు వెతుకుతున్నాడు! పూలు, కుర్చీలు, గుమ్మడికాయ... నేను గోడవైపు తిరిగి నవ్వుకున్నాను. ఎన్నాళ్లకో కడుపు నిండింది.

అందరూ వచ్చేశాక మెట్ల తలుపు మళ్లీ తెరుచుకుంది. మాధవరావు గారి తల్లి. చెరో పక్కన ఒక గార్డు. రెండు మోకాళ్లకూ పట్టీలు. పన్నెండు అంతస్తులు దిగింది ఆమె. గట్టు మీద కూలబడి, దగ్గరున్నది నేనే కాబట్టి నన్నే అడిగింది — "దీపం ఆరిపోయిందా నాయనా?"

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. ఆమె మోకాళ్లకూ హర్షే కారణం అని తీర్మానించాను. ఆ తీర్మానం మధ్యాహ్నం దాకా నిలిచింది.

ఆగస్టు 18, సోమవారం

బుధవారం మళ్లీ హోమం. పైవాళ్లు అడిగారు, ఈ పొగ యంత్రాల సంగతి ఇదివరకు ఎవరు చూసుకునేవారని. ఈ ప్రశ్న కోసమే కదా కాచుకున్నది. "యాదగిరి" అన్నాను, గదంతా వినపడేలా.

మనిషిని వెనక్కి తెచ్చుకోమన్నారు. హర్ష నా దగ్గరికి వచ్చి — "ఒక్క ఫోను చేసి పిలిపించండి సార్."

"నేను పిలవను. తీసేసినవాడే గడప దాకా పోయి పిలవాలి."

"ఇల్లు యాడ?"

"కార్డు వేయి, చెప్తా."

తల దించుకున్నాడు. నిజంగానే కార్డు వేశాడు. వెధవ, దాంతో సగం సరదా పోయింది.

ఆగస్టు 19, మంగళవారం

యాదగిరి ఉండేది పుప్పాలగూడ. సందులోకి కారు పట్టదు, నడిచాం. నేను వెనక నిలబడ్డాను, బాగా కనిపించే చోట. హర్ష బూట్లు విప్పాడు. "యాదగిరన్నా, తప్పైపోయింది. రేపు రావాల." నేను కలగన్నది ఇదే, మాట మాట సరిపోయింది.

యాదగిరి చేతులు తుడుచుకుంటూ విన్నాడు. హర్ష వైపు చూడలేదు. వాడి భుజం మీదుగా నన్ను చూశాడు.

"గా పెద్దమ్మ పన్నెండు అంతస్తులు దిగిందంట గదా లచ్చన్నా? నువ్వు ఆడనే ఉంటివి గదనే?"

హర్ష వెనక్కి తిరిగాడు. నా మొహంలో ఏం చదువుతున్నాడో... మెల్లగా చదువుతున్నాడు.

యాదగిరి వస్తననలేదు, రాననలేదు. లోపల్నుంచి వాళ్లావిడ — "చాయ్ పెట్టాల్నా? ఎందరికి?"