మూడో అంకె

బావా,

మీ కార్ఖానా లోపలికి ఫోన్లు రానివ్వరు కాబట్టి వాచ్‌మన్‌తో ఈ చీటీ పంపుతున్నాను. ముందు రంపం మిషను ఆపెయ్యి, తర్వాత చదువు.

చెక్కల కొలతలు లెక్కగట్టే ప్రోగ్రాం పంపే అంకెల్ని, సీ భాషలో నేను రాసిన ప్రోగ్రాం అందుకుని మిషనుకు ఇస్తుంది. పొడవు, వెడల్పు, లోతు మూడూ వచ్చాయో లేదో చూసి, తేడా ఉంటే ఆపేసేది. "ఏంట్రా నీ చాదస్తం, గంటకోసారి ఆగిపోతోంది" అన్నావు. నిన్న ఆ తనిఖీ తీసేశాను. రాత్రి అన్నాల దగ్గర మెచ్చుకున్నావు కూడా.

ఇందాక చూస్తే, ఒక చెక్కకు రెండంకెలే వచ్చాయి. లోతు లేకపోయేసరికి నా ప్రోగ్రాం తర్వాతి చెక్క పొడవునే లోతనుకుంది. రంపం అంత కిందికి దిగితే నీ చెయ్యి ఎక్కడుంటుందో నాకు తెలుసు. అక్కకింకా చెప్పలేదు.

తనిఖీ మళ్లీ పెడుతున్నాను. మిషను మళ్లీ ఆగుతుంది. ఎన్నిసార్లు ఆగిందో పది వేళ్లూ మడిచి లెక్కపెట్టి మరీ తిట్టు.

నీ బావమరిది