సైరన్‌కు గోనె

3 జులై 2025

విశాఖ నుంచి ఇప్పుడే దిగాను. జగ్గమ్మక్క రొమ్ములో గడ్డ తాలూకు రిపోర్టు వచ్చింది. వచ్చిందంటే సగం వచ్చింది. కేన్సర్ కణం పైన హెర్ టూ అనే ప్రొటీన్ ఎంత ఉందో చూసే పరీక్ష అది. సున్నా, ఒకటి అయితే లేనట్టు. మూడు అయితే బాగా ఉన్నట్టు. అక్కకు రెండు వచ్చింది. అంటే తెలీనట్టు. తెలీదు అని చెప్పడానికి నాలుగు పేజీల ఇంగ్లీషు.

డాక్టర్ షాలిని మంచి మనిషే, ఒప్పుకుంటాను. ఆ ప్రొటీన్ ఎక్కువుంటే దానికే గురిపెట్టి కొట్టే మందు ఉందట. లేకపోతే ఆ మందు వల్ల ఉపయోగం లేదు, ఉత్త కీమోనే. మందు పనిచేసే రకమైతే అక్క బతుకు మీద చాలా ఆశ పెట్టుకోవచ్చు అంది. తేల్చడానికి ఫిష్ అనే ఇంకో టెస్ట్. ఫలితానికి రెండు వారాలు. ఏది తేలినా ఇరవై ఒకటిన మొదటి డోసుకు రావాలి, ఇంక ఆలస్యం వద్దు అని రెండుసార్లు చెప్పింది.

అక్క ఒక్కటే అడిగింది. ఏటమ్మా, సేప తినాలా మానాలా అని. డాక్టరు నవ్వింది. నేను నవ్వలేదు. అక్క ఉండే నెల్లిమర్లలో ఫిష్ అంటే చేపే. ఆ పేరు పెట్టినవాళ్లు ఇటువైపు మనుషులుంటారని అనుకున్నారా?

5 జులై

అక్క కూతురు భవాని ఫోన్. అక్క చేపల కూర మానేసిందట. టెస్టు పాడైపోతుందని.

9 జులై

నెల్లిమర్ల వెళ్లాను. అక్కకు అంతా చెప్పాను. సెల్, రిసెప్టర్, సిగ్నల్. కాగితం మీద బొమ్మలు వేశాను. పావుగంటకు నిద్రపోయింది. ఇంట్లో ఉన్నది మీ అక్క ఒక్కతే గదా మావయ్యా, మైకెందుకు అంది భవాని.

కోపం వచ్చింది. అక్క మీద కాదు. జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్లు గోనె నేసిన మనిషి. తన ఒంట్లో ఉన్నదాని పేరు తనకే అందదు, కాని వైద్యానికి ఒప్పుకున్నానని సంతకం పెట్టాలి. ఏం ఒప్పుకోలు ఇది? మా సైన్సు పత్రిక ఆగస్టు సంచికకు రాయాలి. పేరు కూడా పెట్టేశాను: రిపోర్టు ఎవరి భాష?

14 జులై

పాజిటివ్ రావాలి. నాకు దేవుడు లేడు. అయినా ఎవరినో అడుగుతున్నట్టే ఉంది. అరసవల్లి గుడికి వెళ్లే ఆటోలు నా కిటికీ కిందనుంచే పోతాయి. ఈ వారం వాటిని తిట్టలేదు.

17 జులై, మధ్యాహ్నం 3

నరసన్నపేటలో సభకు వచ్చాను. డాక్టర్ షాలిని ఫోన్ చేసింది. పాజిటివ్! మందు పనిచేసే రకం! సభ మొదలైపోతోంది, వేదిక మీదికి పిలుస్తున్నారు. భవాని ఫోన్‌కు మెసేజ్ కొట్టాను. పాజిటివ్. ఒక్క మాట. చాలు.

అదే రోజు, సాయంత్రం 6

గంటా ఇరవై నిమిషాలు మాట్లాడాను. అంశం, ప్రజల భాషలో సైన్సు. నలభై మంది. చప్పట్లు. ఫోన్ తీస్తే పద్దెనిమిది మిస్డ్ కాల్స్, అన్నీ భవానివే.

అక్క ఇంట్లో లేదు.

భవాని ఫోన్‌ను ఛార్జింగులో పెట్టి స్నానానికి వెళ్లిందట. అక్కకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. చదివింది. తన కంచం, గ్లాసు, దుప్పటి మూటకట్టుకుంది. డబ్బాలో మిగిలిన పాత మాస్కు పెట్టుకుంది. పక్కింటి లక్ష్మణమ్మ పలకరిస్తే, దగ్గరికి రాకే, నాకు పాజిటివ్ వొచ్చినాది అని చెప్పి వెళ్లిపోయిందట.

కరోనాలో బావకు వచ్చింది ఈ మాటే. పాజిటివ్. అంబులెన్సు ఎక్కాడు. తర్వాత మూట చూపించారు, ముఖం చూపించలేదు. ఆ మూట పక్కన అక్కను పట్టుకుని నిలబడింది నేనే. పదిపేజీలకు తక్కువ ఏదీ రాయనివాణ్ని, ఆ ఒక్క మాటే పంపాను.

18 జులై

బస్టాండు, రైల్వే స్టేషను, చుట్టాల ఇళ్లు. లేదు. పోలీసులు ఫొటో అడిగారు. భవాని నాతో మాట్లాడటం లేదు. మొదటి డోసుకు ఇంకా మూడు రోజులే.

19 జులై

పొద్దున్నే ఎలీసమ్మ ఫోన్. మిల్లులో అక్క పక్క మిషను ఆవిడదే. ప్రార్థనతో జబ్బులు పోతాయనేవాళ్ల మీద నేను కరపత్రం వేసినప్పుడు చర్చి గేటు దగ్గర నన్ను నిలబెట్టి కడిగేసిన మనిషి. ఎవరికీ చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుందట. దేవుడికి నేను సెప్పుకుంటాను, నువ్వు బేగి రా బాబూ అంది.

అక్క వాళ్లింటికి వచ్చి కూడా లోపలికి అడుగు పెట్టలేదట. పెరట్లో ఆవుల పాకలో ఉంది, మాస్కుతో. నన్ను చూసి, ఒరే నర్సింగా, అక్కడే ఆగు, నీకు సుగరున్నాది, అంటుకుంటే బతకవు అంది. ఎలీసమ్మ నా వెనకే వచ్చి, నీ కరపత్రాలన్నీ సదివినాను బాబూ, ఇంత సిన్న కరపత్రం ఎప్పుడూ సూళ్లేదు అంది.

పేడ అలికిన నేల మీద కూర్చున్నాను. కేన్సర్ అంటుకోదు అక్కా అన్నాను. మరి పాజిటివ్ అంటే ఏటి అంది.

ఈసారి రిసెప్టర్ అనలేదు. మిల్లు సైరన్ కూస్తే ఏం చేసేవారు అని అడిగాను. ఏటి సేస్తాం, లోపలికెళ్లి పని మొదలెడతాం అంది. కణం మీద కూడా పెరగమని కూసే సైరన్లు ఉంటాయి, మామూలుగా కొన్నే ఉంటాయి అన్నాను. నీ గడ్డలో లెక్కకు మించి ఉన్నాయి. ఆగకుండా కూస్తున్నాయి. కణాలు షిఫ్టు దిగడం లేదు, గడ్డ పెరుగుతోంది. హెర్ టూ అంటే ఆ సైరనే. అవి ఎక్కువున్నాయని పట్టుబడటమే పాజిటివ్. పట్టుబడ్డాయి కాబట్టే వాటి మీదికి మందు పంపగలం.

అయితే సైరన్ నోటికి గోనె కట్టేస్తారన్నమాట అంది అక్క.

అంతే అన్నాను. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

మరి ఆ ముక్క మొన్న రాయలేపోనావా సన్నాసీ అంది. మాస్కు మాత్రం తీయలేదు. ఎలీసమ్మ చేపల పులుసుతో అన్నం తెచ్చింది. టెస్టు అయిపోనాది గదా అని అక్క నన్ను అడిగి, అప్పుడు మాస్కు తీసింది.

20 జులై

ఆగస్టు వ్యాసం చించేశాను. ఇంగ్లీషు రిపోర్టు మీద కోపం ఇసుమంతైనా తగ్గలేదు. మళ్లీ రాస్తాను. ఈసారి ముద్దాయిల్లో మొదటి పేరు నాది.

21 జులై, ఆస్పత్రి

ఒప్పుకోలు కాగితం మీద సంతకానికి ముందు అక్క పెన్ను అడిగింది. పాజిటివ్ అన్నది ఏదో చూపించమంది. దాన్ని కొట్టేసి పక్కన అక్షరం అక్షరం రాసింది. సైరన్లు ఎక్కువ. గోనె కట్టండి.

డాక్టరు చదివి, కింద సంతకం పెట్టింది.