తొడిమల క్లాసు

హోయి ఆన్, వియత్నాం
ఫిబ్రవరి 9

ప్రసూన పిన్నికి రచన నమస్కారాలు. నా ఉద్యోగం పోలేదు, బెంగపడకు.

నన్ను ఉంచాలో పంపాలో తేల్చడానికి మంగళవారం మా పెద్ద టీచరు క్లాసుకొచ్చింది. నేను ఇంగ్లీషు చెప్పేది హోటల్ వంటవాళ్లకు, వాళ్ల వంటగదిలోనే. బోర్డు దగ్గర నిలబడి ఎన్ని అడిగినా ఒక్కరూ నోరు విప్పలేదు. అసలు నేను టీచర్నేనా అనిపించింది. పక్కనే బుట్టెడు ఎండుమిరపకాయలు కనబడితే, బ్రాడీపేటలో ట్యూషన్ పిల్లల మధ్య నువ్వు కూర్చున్నట్టే కింద కూర్చుని, తల ఎత్తకుండా తొడిమలు తీస్తూ "ఊఁ, చెప్పండి" అన్నాను. అందరూ చుట్టూ చేరి మెల్లగా మాటలు కలిపారు. పెద్ద టీచరు కూడా నాలుగు కాయలకు తొడిమలు తీసి, ఆ చేత్తోనే కన్ను నలుముకుంది!

"అయ్యో, ముట్టుకోకండి మేడం! ముందు చేతులు కడుక్కోండి!" అని వంటవాళ్లంతా ఇంగ్లీషులోనే అరిచారు. ఆవిడ కన్నీళ్లు కార్చుకుంటూనే నవ్వి, "ఈ పద్ధతి ఎవరిది?" అంది. మా పిన్నిదన్నాను. ఇంకో రెండేళ్లు ఉండి, కొత్త టీచర్లకూ నేర్పమంది.

నీ మోకాలు ఎలా ఉంది? బాబాయి వేళకు మందులు వేసుకుంటున్నాడా? బొత్తిగా మాట్లాడని పిల్లల్ని మొదటిరోజు ఏమడిగేదానివో వెంటనే రాయి. ఇక్కడ అందరికీ చెప్పాలి, నీ పేరుతోనే.

నీ రచన