మెట్ల కింద డబ్బా, దాని రొద

ముందుగా ఒక మాట. ఈ పెన్ను మూత కొరికిందెవరు? ఈ ఇంట్లో మూత సరిగ్గా ఉన్న పెన్ను ఒక్కటి ఉంటే ఒట్టు. సగం ఇంకు నా చొక్కా జేబు తాగేసింది. మిగిలిన సగంతో వీలునామా రాస్తున్నాను.

నలభై ఏళ్ళు ఫ్యాన్లకీ మోటార్లకీ తీగ చుట్టి బతికిన నేను, డెబ్భై ఎనిమిదో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్నది ఇది. తెలివి ఉందా అని నా కూతురికి అనుమానం. ఉందని మందుల షాపాయన సంతకం పెడుతున్నాడు. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు.

1. ఇల్లు నా కొడుక్కీ కూతురికీ చెరిసగం. ఇందులో చెప్పుకోడానికేం లేదు. అసలు ఆస్తికి వస్తున్నాను.

2. మెట్ల కింద గూట్లో ఉన్న పాత కంప్యూటరు. మనవరాలి చదువుకని కొంటే నా కొడుకు ఆటలాడి అరగదీసిన డబ్బా. అయిదేళ్ళు దుప్పటి కప్పుకుని పడుకుంది. మనవరాలు పళ్ళ డాక్టరయ్యాక ఒక సెలవు రోజున దాని నోరు తెరిచి, గార తీసినట్టు బ్రష్‌తో దుమ్ము తీసింది. సీడీలు పెట్టే అర పీకేసి, రెండు కొత్త హార్డ్ డిస్కులు బిగించింది. స్క్రీను అక్కర్లేదంది, వైఫై డబ్బా నుంచి ఒక్క వైరు చాలంది. ఇప్పుడు అందరి ఫోన్లలోని ఫొటోలూ కాగితాలూ పొద్దువాలేసరికి పిట్టల్లా చప్పుడు లేకుండా ఆ గూటికి చేరతాయి. ఒక డిస్కు రాసుకున్నది రెండోదీ రాసుకుంటుంది, చుట్టాల ముందు నేనూ మా ఆవిడా ఒకే అబద్ధం చెప్పినట్టు. ఒకటి పోయినా రెండోది చెబుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం మెట్ల కిటికీలోంచి ఎండ జారుతుంది. డబ్బా మీద నీలం దీపం వెలిగి ఆరుతుంటే ఇల్లే ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఆ మగతలో మా ఆవిడ పక్కగదిలోనే ఉందనిపిస్తుంది. లేచి చూడను. చూస్తే ఉండదు.

ఈ డబ్బా నా తదనంతరం సర్వహక్కులతో నా కొడుక్కి. షరతు ఒకటే: పాత సామాన్లవాడికి వేయకూడదు, ఆపకూడదు. నా కొడుకు బస్సు డ్రైవరు. పొద్దుటి డ్యూటీ దిగి రెండింటికి వచ్చి నా పడక్కుర్చీలో కూలబడతాడు. "నాన్నా, ఆ ఫ్యాను రొద వినలేక చస్తున్నా, తీసి పారేయ్" అంటాడు. ఫ్యాన్లు చుట్టినవాడి ఇంట్లో ఫ్యాను రొదట! అన్న అయిదు నిమిషాలకి నోరు తెరుచుకుని నిద్రపోతాడు. తల్లి పోయినప్పటి నుంచి రాత్రుళ్ళు వాడికి కునుకు లేదని కోడలి దిగులు. మీసాలొచ్చాయి గానీ, తల్లి కొంగు పట్టుకుని మధ్యాహ్నం పడుకున్న వెధవే.

3. కూతురికి బిస్కట్ల డబ్బాలో ఉన్న మూడో డిస్కు. ఇల్లు కాలినా మునిగినా ఇంకో ఇంట్లో ఒక కాపీ ఉండాలని మనవరాలి రూలు. నెలకోసారి కూతురే దాన్ని ఇక్కడికి తెచ్చి, కొత్తవి ఎక్కించుకుని పోవాలి. అందుకు రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ అన్నాచెల్లెళ్ళు ఒకే గదిలో కూర్చోవాలి. టీవీ పెట్టకూడదు. అమ్మ కుట్టుమిషను ఎవరికనే తగువులో ముడుచుకున్న మూతులు మీరింకా విప్పలేదు.

4. ఆ మిషను మనవరాలికి రాసేశాను. చిగుళ్ళు కుట్టడం ప్రాక్టీసు చేసుకుంటుంది. నా స్క్రూడ్రైవర్లూ తనకే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా తనదే.

5. ఒక తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ డబ్బాకి కొత్త ఫ్యాను వేసి రెండేళ్ళయింది. అది చీమ నడిచినంత చప్పుడు కూడా చెయ్యదు. డబ్బాలో "కరెంటు బిల్లులు" అని ఒక ఫోల్డరుంది. ఆ పేరు పెడితే ఈ ఇంట్లో ఎవరూ తెరవరని నాకు తెలుసు. "గురక పెట్టేది మీరే, నేను కాదు" అని యాభై ఏళ్ళు దబాయించిన మా ఆవిడని, ఒక మధ్యాహ్నం సాక్ష్యం కోసం ఫోన్లో రికార్డు చేశాను. వినిపించేలోపే పోయింది. పాత రేడియో స్పీకరు డబ్బాలో బిగించి, ఆ ఫోల్డర్లో దాచిన ఆవిడ గురక రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా సన్నగా మోగేట్టు పెట్టాను. మనవరాలికి కూడా చెప్పలేదు.

ఒరేయ్, ఇన్నాళ్ళూ నువ్వు తిట్టుకుంటూ నిద్రపోయింది మీ అమ్మ పక్కనేరా.

తేదీ: 2023 మార్చి 12, ఆదివారం, మధ్యాహ్నం మూడు. డబ్బా మోగుతోంది.
సంతకం: మీ నాన్న (ఇంకు మరక కూడా నాదే)
సాక్షులు: మందుల షాపాయన, కింది వాటా టీచరమ్మ, అక్షరదోషాలు దిద్దనని మాటిచ్చి.